వైరు పెట్టుకోవడానికో కన్నం

కొన్నేళ్లకోసారి మా కంపెనీవాళ్లకి నా మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొస్తుంది. "మీ తర్వాతి ల్యాప్‌టాప్ ఎలా ఉండాలనుకుంటున్నారు?" అని అడుగుతారు. నేను చెబుతాను. వాళ్లు తలలూపుతారు. కొన్నాళ్లకి కొత్తది వస్తుంది. నేను చెప్పినదాంట్లో ఒక్కటీ ఉండదు. పాతదానికంటే పల్చగా మాత్రం ఉంటుంది. పల్చగా కావాలని నేనెప్పుడూ అడగలేదు. అప్పడాలేమైనా ఒత్తుకుంటున్నానా నేను?

ముందు నా పని చెప్పాలి, లేకపోతే నా బాధ అర్థం కాదు. నాది కాటాల పని. బంగారం కొట్లో గాజుపెట్టెలో ఉండే కాటాలు కావు. రోడ్డు పక్కన ధర్మకాటా అని బోర్డు పెట్టి, లారీని లారీతో సహా తూస్తారే, ఆ ఇనప పలకల కాటాలు. వానలకీ, తుప్పుకీ, వైర్లు కొరికే ఎలుకలకీ అవి తప్పు తూకం చూపించడం మొదలుపెడతాయి. నేను వెళ్లి, పలక మీద ఇనప బరువులు పెట్టించి, పక్కనున్న గదిలో అంకెలు చూపించే పెట్టెకి నా ల్యాప్‌టాప్ తగిలించి, ఒక్కో మూలా సరిచేస్తాను. ఆ తర్వాత తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చి సీలు వేస్తాడు. అంతవరకూ ఆ కాటా మీద వ్యాపారం నడవదు. కాబట్టి నేను పని చేస్తున్నంతసేపూ వెనకాల లారీలు బారులు తీరి ఉంటాయి, డ్రైవర్లు హారన్లతో నా వంశాన్ని తలుచుకుంటూ ఉంటారు.

ఆ అంకెల పెట్టెల్లో చాలావాటికి నా సర్వీసు కంటే వయసెక్కువ. అవి మాట వినేది ఒక్క రకం వైరుతోనే. తొమ్మిది సూదులున్న వెడల్పాటి ప్లగ్గు, దానికి రెండు పక్కలా చిన్న మరలు. ప్లగ్గు పెట్టి మరలు బిగిస్తే, భూమి అదిరినా ఊడదు. నా పాత ల్యాప్‌టాప్‌కి ఆ ప్లగ్గు పట్టే కన్నం ఉంది. నెట్‌వర్కు వైరుకి ఒకటుంది, ప్రొజెక్టరుకి ఒకటుంది, అవీ ఇవీ పెట్టుకోవడానికి ఇంకొన్ని ఉన్నాయి. బ్యాటరీ అయిపోతే కింద గొళ్లెం లాగి ఇంకోటి వేసుకోవచ్చు. తెర మెరవదు, కాబట్టి ఎండలో కూడా కనిపిస్తుంది. మీటల మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి, కానీ నా వేళ్లకి అక్షరాలతో పనేముంది? బరువు మాత్రం ఉంది, కాదనను. దాన్ని మోసీ మోసీ నా కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందికి దిగింది. జాకెట్లు కుట్టే ఆవిడ ప్రతిసారీ ఆ మాట అంటుంది.

ఇంతకు ముందు కొత్తవి వచ్చినప్పుడల్లా వాటిని ఆఫీసులో కూర్చునేవాళ్లకిచ్చి నా పాతదాన్ని నాకు వదిలేశారు. ఈసారి వదిలేది లేదన్నారు. పాతవాటికి భద్రత లేదట, అన్నీ వెనక్కి ఇచ్చెయ్యాలట. మా మేనేజరు గుర్గావ్ నుంచి బదిలీ మీద వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మర్యాదస్తుడు, గొంతు పెంచడు. ఆ పెంచని గొంతుతోనే చెప్పాడు: కొత్తదాంతో బయట పని చేసుకోలేనివాళ్లు ఎవరైనా ఉంటే ఇబ్బంది పడక్కర్లేదు, ఆఫీసులో కూర్చుని కొటేషన్లు తయారుచేసుకోవచ్చు, ఫిర్యాదుల ఫోన్లు ఎత్తుకోవచ్చు. కాటాల పని చేసేవాళ్లలో ఆ గదిలో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. ఇబ్బంది పడక్కర్లేదన్న మాట ఎవరికో తెలియడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

నాకు భయమేసింది. అబద్ధమెందుకు, గట్టిగానే వేసింది. మా నాన్న కార్పొరేషన్‌లో డ్రైనేజీ మనిషి. శ్రీకాకుళం నుంచి మా తాత ఆ పనికే ఈ బెంగాలీల ఊరొచ్చాడు. ఏక్‌బాల్‌పూర్ దగ్గర క్వార్టర్సులో పుట్టి పెరిగాను. నాన్నకి ఒక్కటే కోరిక ఉండేది: కూతురు ఫ్యాను కింద కుర్చీలో కూర్చోవాలి. డిప్లొమా చదివించాడు, కుర్చీ దొరికింది, చాలా ఏళ్లు కూర్చున్నాను కూడా. ఆ కుర్చీలో నాకు తలనొప్పి తప్ప ఇంకేమీ రాలేదు. లారీ యార్డులకి ఆడమనిషిని ఎలా పంపిస్తామని అప్పటి మేనేజర్లు ఒకరి తర్వాత ఒకరు అన్నారు. చివరికి ఒకాయన మనుషులు దొరక్క పంపించాడు. ఆ రోజు నుంచీ నాకు పొద్దున్న లేవడం ఇష్టంగా ఉంటుంది. దుమ్ము, ఎండ, ఇనుము వాసన, కాటా సరిగ్గా సున్నాకి వచ్చి ఆగినప్పుడు కలిగే తృప్తి, ఇవన్నీ నావి. వాటిని ఒక కన్నం లేని పలక కోసం వదులుకోవాలా?

కొత్తదాన్ని పరీక్షించమని ముందే ఇచ్చారు. వెండిరంగు, చల్లగా, అంచులు చాకులా ఉన్నాయి. ఎన్నిసార్లు తిప్పి చూసినా ఒక పక్కన రెండు సన్నటి చీలికలే కనిపించాయి. వాటిలో ఒకటి చార్జింగుకి. మిగిలింది ఒకటి. ఆ ఒక్కదానికి ఒక తోక, ఆ తోకకి ఇంకో డబ్బా, ఆ డబ్బాకి నా తొమ్మిది సూదుల వైరు. దారిలో ఒకదానికొకటి వేలాడే ఈ సంసారానికి అడాప్టరు అని పేరు. ఎక్కడా ఒక మర లేదు. అన్నీ ఊరికే ఆనుకుని ఉంటాయి.

దాన్ని తీసుకుని బడ్జ్ బడ్జ్‌లో ఒక జనపనార మిల్లుకి వెళ్లాం. నాతోపాటు మా మిస్త్రీ దాదా, ఆయన కింద బరువులు మోసే నలుగురు మనుషులు. ఈ ఊళ్లో దాదా అంటే అన్న; మిస్త్రీ దాదా నా కంటే ముందు నుంచీ కంపెనీలో ఉన్నాడు. పలక మీద ఏ బరువు ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు తియ్యాలో ఆయనదే మాట. నేను లోపల అంకెలు చూస్తూ కిటికీలోంచి చెయ్యి ఊపితే ఆయన బయట పని నడిపిస్తాడు. మా ఇద్దరికీ మాటలతో పెద్దగా పని ఉండదు.

ముందుగా తెర. అంకెల పెట్టె ఉండే క్యాబిన్‌కి పడమటి పక్క గోడ సగమే ఉంది. ఎండ పడేసరికి తెరలో నా మొహం, నా వెనకాల మిల్లు చిమ్నీ తప్ప ఇంకేమీ కనిపించలేదు. చున్నీ తల మీదుగా తెర మీదికి కప్పుకుని, ఆవిరి పట్టుకునేదానిలా దాని లోపల కూర్చుని అంకెలు చదివాను. మూలలన్నీ అయ్యాయి. చివర్లో సరిచేసిన లెక్కంతా పెట్టెలోకి ఎక్కించాలి. అది సగం ఎక్కుతుండగా పరీక్ష కోసం తెచ్చిన లారీ డ్రైవరు తొందరపడి చక్రాలు పలక మీదికి ఎక్కించాడు. క్యాబిన్ అదిరింది. బల్ల అదిరింది. తోక వెంట్రుకవాసి జారింది. పెట్టె మీద అంకెలన్నీ పోయి గీతలు వచ్చాయి. మొదటి నుంచి చెయ్యాలి.

బరువులన్నీ దించాలి, పలక ఖాళీ చెయ్యాలి, మళ్లీ ఒక్కో మూలా ఎక్కించాలి. ఆ నలుగురూ బనీన్లు పిండుకుంటూ నా వైపు ఒక చూపు చూశారు. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి డబ్బాకి డ్రైవరనే ఏదో ప్రోగ్రాము కావాలట, ఇంటర్నెట్‌లోంచి తెచ్చుకుంటానంది. మిల్లు లోపల సిగ్నలు లేదు. "మీకు సాయం చేయమంటారా?" అని తెర మీద ఒక చిన్న డబ్బా లేచింది. ఏదైనా అడిగితే చెబుతుందట, తెలివైనదట. తొమ్మిది సూదుల ప్లగ్గు ఎక్కడ పెట్టాలే తల్లీ అని గట్టిగానే అడిగాను. ఇంటర్నెట్ లేదు, తర్వాత ప్రయత్నించండి అంది.

మిస్త్రీ దాదా లోపలికి వచ్చాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, నేనూ నాలుగు అని చల్లబడేదాన్ని. ఆయన ఆ వెండి పలకనీ, వేలాడుతున్న తోకనీ, డబ్బానీ చూసి, "ఎటా బాడిర్ జినిష్, దీదీ," అన్నాడు. ఇది ఇంట్లో వాడుకునే వస్తువు, అని. తర్వాత నా సంచీలోంచి పాతదాన్ని ఆయనే తీసి బల్ల మీద పెట్టి, మొహం కడుక్కోవడానికి బయటికి వెళ్లాడు. మరలు బిగించాను. పని అయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడేలా ఉందని ఆ సాయంత్రం లోకల్ రైల్లో నిలబడి అనుకున్నాను.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. ఈ ఊళ్లో పనిముట్టు పట్టుకున్న ప్రతివాడికీ అది పండగ. ముందురోజే వర్క్‌షాపులో బరువులు కడిగి, స్పానర్లు తుడిచి, విగ్రహం ముందు పేరుస్తారు. మర్నాడు పూజయ్యాక, దాని తర్వాతి పొద్దున విగ్రహం కదిపేదాకా ఏ పనిముట్టునీ ఎవరూ ముట్టుకోరు. ఎంత పెద్ద ఆర్డరున్నా సరే. నా పాత ల్యాప్‌టాప్ కూడా ప్రతి ఏడూ అక్కడే ఉంటుంది, రెండు పెద్ద బరువుల మధ్య, సిందూరం పెట్టించుకుని, బంతిపూలు వేయించుకుని. ఈసారి కూడా నా చేత్తో నేనే పెట్టాను. కొత్తది ఇంటికి తెచ్చాను.

ఇంట్లో ఇంకో పూజారి ఉంది. మా అమ్మ. మనవాళ్లు దసరాకి చేసే ఆయుధ పూజని అమ్మ ఈ ఊరి లెక్కకి మార్చుకుని ఎన్నో ఏళ్లయింది. విశ్వకర్మ పూజ రోజు పొద్దున్నే లేచి గ్యాసు పొయ్యికీ, కుట్టు మిషనుకీ, నాన్న వదిలివెళ్లిన సైకిలుకీ పసుపు రాసి బొట్టు పెడుతుంది. ఆ రోజు నేను లేచేసరికి వాటి సరసన కొత్త ల్యాప్‌టాప్ మూత తెరిచి ఉంది. దాని కుడిపక్క మూల చిన్న గుండ్రటి నల్ల మీట ఉంటుంది. దాని మీద వేలు పెడితేనే అది మనల్ని గుర్తుపడుతుంది, దాన్ని నొక్కితేనే బతుకుతుంది. ఆ మీట మీద చక్కగా తడి పసుపు, పసుపు మీద కుంకం. పసుపు మీట చుట్టూ ఉన్న సందులోకి దిగి గట్టిపడింది. మీట లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది.

"అమ్మా! ఏటి సేసినావే దీన్ని?"

"ఏటి సేసినాను? బొట్టెట్టినాను. కొత్త సామాను ఇంటికొస్తే బొట్టెట్టకండా ఉంచుతారేటి?"

"అక్కడెవులెట్టమన్నారే? అది దాని మీట! దాంతోనే అది లేస్తాది!"

"నాకేటి తెలుస్తాది? నల్లగా, గుండ్రంగా, బొట్టెట్టుకోడానికే కట్టినట్టున్నాది. అలగెందుకు సేసినారు మరి?" అమ్మ కుంకం భరిణె మూత పెడుతూ అంది. "ఆ పాతదానికి ఇన్నేళ్ల నుంచీ ఎడతన్నారు గదా. ఒక్కనాడైనా అలిగిందేటి అది?"

ఒళ్లు మండిపోయింది. మండటానికి కారణం అమ్మ తప్పు చెయ్యడం కాదు, చెప్పినదాంట్లో తప్పు లేకపోవడం. బొట్టు పెడితే చచ్చిపోయే పనిముట్టు ఈ దేశంలో ఎవరి కోసం చేశారో నాకు ఇప్పటికీ తెలియదు. చచ్చినదాన్నే సంచీలో వేసుకుని బస్సెక్కాను. పైన ఆకాశం నిండా పండగ గాలిపటాలు. మేడల మీద పిల్లలూ పెద్దలూ అరుచుకుంటున్నారు. ఊరంతా సెలవు, నాకు మాత్రం మీటింగు.

ఆ మీటింగు కథ ఇది. ల్యాప్‌టాప్ కంపెనీవాళ్లు వచ్చి రాబోయే మోడలు చూపించి, వాడేవాళ్లకి ఏం కావాలో అడిగి తెలుసుకుంటారట. మా మేనేజరు దాన్ని సరిగ్గా విశ్వకర్మ పూజ రోజే పెట్టాడు. ఎందుకంటే ఆ రోజు బయటి పనులుండవు, అందరూ తారాతలాలో ఉన్న మా వర్క్‌షాపులోనే ఉంటారు. అందరూ ఎందుకుంటారో మాత్రం ఆయన ఎవరినీ అడగలేదు.

వచ్చినవాడు ఒక్కడే, కుర్రవయసు, మెడలో కంపెనీ పట్టీ, ఇంగ్లీషూ హిందీ కలిపి బాగా మాట్లాడుతున్నాడు. సంచీలోంచి రాబోయే మోడల్ తీశాడు. నాకిచ్చినదానికంటే ఇంకా పల్చన. ఒకటే చీలిక. దాన్ని ప్రొజెక్టరుకి తగిలించి బొమ్మలు చూపిద్దామని చూశాడు. మా ప్రొజెక్టరు ముసలిది, దాని వైరుకి వెడల్పాటి నీలం ప్లగ్గుంటుంది. అతను సంచీ అంతా వెతుక్కున్నాడు, జేబులు వెతుక్కున్నాడు. అడాప్టరు హోటలు గదిలో ఉండిపోయింది. "ఎవరి దగ్గరైనా అడాప్టరు ఉందా?" అని అడిగాడు. ఆ ప్రశ్న విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం బయటికి కనిపించకుండా ఉండటానికి నీళ్లు తాగాను.

ఆఫీసులోవాళ్ల ల్యాప్‌టాప్‌లన్నీ కొత్తవే. ఆ నీలం ప్లగ్గు పట్టే యంత్రం ఆ ఆవరణ మొత్తానికి ఒక్కటే ఉంది. గాజు తలుపులోంచి అది అందరికీ కనిపిస్తూనే ఉంది, విశ్వకర్మ ఎక్కి కూర్చున్న ఏనుగు పాదాల దగ్గర, బంతిపూల కింద. మేనేజరు దాన్ని చూశాడు. లేచి వెళ్లాడు. ఆయన చెయ్యి చాపేలోపు మిస్త్రీ దాదా అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. కొత్త ధోవతి కట్టుకుని, నుదుట బొట్టుతో ఉన్నాడు ఆయన.

"ఆజ్ జంత్రే హాత్ దేవా జాబే నా, స్యార్," అన్నాడు. ఇవాళ యంత్రం మీద చెయ్యి వెయ్యకూడదు.

కాసేపటికే కదా అన్నాడు మేనేజరు. మిస్త్రీ దాదా ధోవతి కొస బిగించుకున్నాడు. ఆయన వెనకాల బరువులు మోసేవాళ్లు, వెల్డర్లు, లారీ డ్రైవరు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. మేనేజరు నా వైపు తిరిగాడు, చదువుకున్నవారు మీరైనా చెప్పండి అన్నట్టు.

"పెట్టింది నేనే సార్," అన్నాను. "పెట్టినదాన్ని నేను కూడా తియ్యకూడదు."

దాంతో ఆ కుర్రవాడు రాబోయే తరం ల్యాప్‌టాప్‌ని రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, చీరలవాడు అంచు చూపించినట్టు, ఒక్కొక్కరి ముందుకీ తెచ్చి చూపించాడు. దీని బరువు తెలియదన్నాడు. దీంతో మాట్లాడొచ్చన్నాడు. మీరు అడగకముందే మీకేం కావాలో దీనికి తెలుస్తుందన్నాడు. తర్వాత ఒక్కొక్కరినీ అడిగాడు. అకౌంట్సు ఆయన ఇంకా తేలిగ్గా ఉంటే బాగుంటుందన్నాడు. సేల్సువాడికి వేరే రంగు కావాలి. మేనేజరేమో ల్యాప్‌టాప్ సన్నగా ఉండటం కంపెనీకి హుందా అన్నాడు. నా వంతు వచ్చింది.

చెప్పాను. మెరవని తెర కావాలన్నాను, ఎండలో నా మొహం చూసుకునే అవసరం నాకు లేదని. విప్పి మార్చుకునే బ్యాటరీ కావాలన్నాను, ఎందుకంటే యార్డుల్లో కరెంటు ఉందో లేదో మాకంటే ముందు దేవుడికి కూడా తెలియదు. చెమట వేలితో నొక్కినా పనిచేసే మీటలు. పసుపు పడినా చావని మీట. అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. కాస్త లావుగా ఉన్నా పర్వాలేదు, నేనూ లావుగానే ఉన్నాను, నాతో పని ఆగిందా? ఈ మాటకి మిస్త్రీ దాదా మనుషులు గుమ్మం బయటినుంచే నవ్వారు. అన్నిటికంటే ముందు తొమ్మిది సూదుల ప్లగ్గుకి కన్నం, మరలు బిగించుకునేలా.

అతను వేగంగా టైపు చేసుకున్నాడు. "మేడమ్, ఏఐ ఫీచర్లలో మీకు ఏది ముఖ్యం?" అన్నాడు.

"వైరు పెట్టుకోవడానికో కన్నం," అన్నాను.

"ఇప్పుడంతా వైర్‌లెస్ కదా మేడమ్."

"ఆ మాట బడ్జ్ బడ్జ్ మిల్లులో ఉన్న పెట్టెకి చెప్పండి. అది ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు."

మేనేజరు గొంతు సవరించుకుని వచ్చినందుకు అందరికీ ధన్యవాదాలు చెప్పాడు.

బయట కిచిడీ వడ్డిస్తున్నారు. అరటాకు ముందు కూర్చోగానే అమ్మ ఫోను చేసింది. అది లేచిందా లేదా అని. లేవలేదే, ఇంకేటి లేస్తాది, దానికి నీళ్లొదిలెయ్ అని చెప్పి పెట్టేశాను. పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. చూస్తే ఆ కుర్రవాడే. మొహం విప్పారి ఉంది.

"మీరు తెలుగా అక్కా? నాది వరంగల్."

పొద్దుట్నుంచీ మేడమ్‌గా ఉన్నదాన్ని ఒక్క ఫోన్‌తో అక్కనయ్యాను. నా సంచీలో శవం ఉందని చెప్పాను. అతను అడిగి తీసుకుని, అగ్గిపుల్ల కొస చెక్కి, మీట చుట్టూ ఉన్న పసుపుని ఓపిగ్గా తవ్వాడు. మీట టక్కున పైకి లేచింది. అది వెలిగింది. మంచివాడు, కాదనను. అందుకే అడగాల్సింది అడిగాను.

"బాబూ, నేను సెప్పినవి నిజంగా రాసుకున్నావేటి?"

"రాసిన అక్కా. అన్ని రాసిన. పైకి పంపుత గూడ." కిచిడీ కలుపుతూ ఆగాడు. "కానీ నిజం చెప్తున్న, ఏమనుకోకుర్రి. ఇప్పుడొచ్చే మోడల్ ఎప్పుడో ఖాయమైంది. ఫ్యాక్టరీల తయారైతున్నది."

"మరయితే నన్నెందుకు అడిగినట్టు?"

"అడిగినమని చెప్పుకోవాలె గదక్కా."

"పోనీ, దాని తరవాత వచ్చీదాన్లోనైనా పెడతారేటి?"

అతను తలెత్తలేదు. "పెట్టరక్కా. మీరు వాడెటోళ్లు. కొనెటోళ్లు వేరే ఉన్నరు. కొనెటోళ్లు పొద్దుగాల మీ సార్ చెప్పినట్టే చెప్తరు. కన్నం గావాల్నని ఎవ్వరు అడుగరు."

కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ అతని మీద కాదు. ఇన్నేళ్లుగా చెవిటివాడి ముందు శంఖం ఊదానన్నమాట. పైగా ప్రతిసారీ ముందురోజే కూర్చుని ఏం చెప్పాలో ఆలోచించుకుని మరీ వెళ్లేదాన్ని. నిజం చెప్పినందుకు అతని ఆకులో నా వంతు చట్నీ కూడా వేయించాను. ఆ తర్వాత నేను చెయ్యాల్సింది ఇంకొకటే మిగిలింది.

మేనేజరు గదిలోకి వెళ్లేసరికి పాత యంత్రాలు పోగుచేసే మనిషి అక్కడే ఉన్నాడు. నాది మాత్రం రేపు పొద్దున తీసుకుంటాడట, ఇవాళ ఎవరూ ముట్టుకోనివ్వడం లేదు కనుక. నేను కూర్చోలేదు.

"దాన్ని నాకు వదిలెయ్యండి సార్. నెట్‌వర్కుకి తగిలించను. కాటాలకి తప్ప ఇంక దేనికీ వాడను. రిపేరు అడగను, సామాను అడగను."

ఆయన చాలాసేపు పెన్ను తిప్పాడు. ఆయన కూడా పని ఆలస్యమైందని బడ్జ్ బడ్జ్ మిల్లు మేనేజరు చేత ఫోనులో తిట్లు తిన్నవాడే. చివరికి సరే అన్నాడు. ఎప్పటిలాగే మర్యాదగా, గొంతు పెంచకుండా, దాని షరతు కూడా చెప్పాడు. "అది పాడైన రోజు మనం మళ్లీ దీని గురించి మాట్లాడుకోం. ఎక్కడ పాడైతే అక్కడ పని ఆపి, దాన్ని ఇచ్చేసి, ఆ రోజే వచ్చి ఈ కుర్చీలో కూర్చోవాలి. మళ్లీ బయటికి పంపమని అడగకూడదు. ఒప్పుకుంటారా?"

ఆయన కుర్చీ వైపు చెయ్యి చూపించేలోపే ఒప్పుకున్నాను. కొత్తదాన్ని ఆయన బల్ల మీద పెట్టేసి బయటికి వచ్చాను. గెలిచానని ఇంటికి వెళ్లేదాకా అనుకున్నాను. ఇంటికి వెళ్లి అమ్మకి చెబుతుంటే తెలిసింది, నా ఉద్యోగాన్ని తీసుకెళ్లి తొమ్మిదో పదో ఏళ్ల వయసున్న ఒక ల్యాప్‌టాప్ లోపలి ఫ్యానుకీ, దాని తెరకీ కట్టేసి వచ్చానని. "బాగుంది," అంది అమ్మ. "రేపట్నుంచి దాని కాళ్లు కూడా నువ్వే పట్టాల."

మర్నాడు పొద్దున్న పూజారి నీళ్లు చల్లి విగ్రహాన్ని కదిపాడు. మిస్త్రీ దాదా బంతిపూలు తీసి, పాతదాన్ని రెండు చేతులతో నాకందించాడు. నది దాటి షాలిమార్ వెళ్లాం. గూడ్సు యార్డులో ఒక రైలు సిమెంటు దిగింది, కాటా రెండు రోజుల నుంచి తప్పు చూపిస్తోంది, లారీలు గేటు బయటిదాకా ఉన్నాయి. మేం లోపలికి వస్తుండగానే హారన్లు మొదలయ్యాయి. అంత గోలలోనూ నాకు ప్రాణం లేచొచ్చింది.

ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, ప్లగ్గు పెట్టి, మరలు బిగించి మీట నొక్కాను. ఎప్పటిలాగే నింపాదిగా లేచింది. తెర వెలిగింది. పైనుంచి కిందికి ఒక సన్నటి ఆకుపచ్చ గీత ఉంది.

మూత వేసి తీశాను. అంచు మీద వేలితో మెల్లిగా తట్టాను. ఆపి మళ్లీ పెట్టాను. గీత అక్కడే ఉంది. సరిగ్గా తూకం అంకెలు వచ్చే చోటే, చివరి అంకె మీదుగా. ఇలాంటి గీతలు నేను ఇంతకు ముందు వేరేవాళ్ల తెరల మీద చూశాను. ఒకటి వచ్చిందంటే పక్కన ఇంకోటి వస్తుంది. ఎంత కాలంలో వస్తుందో ఎవరూ చెప్పలేరు. అంకెల కిటికీని పట్టుకుని ఎడమపక్కకి జరిపాను. ఇప్పుడు చివరి అంకె కనిపిస్తోంది. గీత ఒంటరిగా ఖాళీ చోట ఉండిపోయింది.

మిస్త్రీ దాదా కిటికీలోంచి తల పెట్టాడు. నేను చెయ్యి ఊపడం ఆలస్యమైతే ఆయనకి వెంటనే తెలిసిపోతుంది.

"సబ్ ఠిక్ ఆఛే తో, దీదీ?" అంతా బాగానే ఉంది కదా, అని.

మూతని ఇంకాస్త నా వైపుకి వంచుకున్నాను, ఆయనకి తెర కనిపించకుండా.

"ఠిక్ ఆఛే, దాదా," అన్నాను. "బరువులెక్కించండి."